ఈజిప్టు యాత్రలో కలిగిన ఒక ధర్మసందేహము

ఈ సంచికకు మా ఈజిప్టు యాత్రను గూర్చి నాలుగు మాటలు వ్రాయుమని సంఘమువారు కోరినప్పుడు మేము వెంటనే అంగీకరించితిమి. చూచినది చూచినట్లు చెప్పుట కష్టము కాదనుకొంటిమి. తీరా కాగితము ముందు కూర్చుండిన పిమ్మట తెలిసినది: ఆ పిరమిడ్డులను, ఆ దేవాలయములను వర్ణించిన గ్రంథములు లోకమున కొల్లలుగా నున్నవి, వానికి మేము చేర్చదగినది యేమియు లేదు. కాని ఆ దేశమునందు మాకొక సందేహము కలిగినది. తిరిగి వచ్చి యిన్ని యేండ్లయినను అది తీరలేదు. హంపీకి పోయినవారైనను, తంజావూరునకు పోయినవారైనను, పాత కట్టడములను చూడబోయిన ప్రతివారును ఒకమారు తమలో తాము విచారించుకొనదగిన సందేహమని తోచినందున, దానినే చదువరులకు విన్నవించుచున్నాము.

మేము గొప్ప చదువులు చదివినవారము కాము. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, ముప్పదియెనిమిది సంవత్సరములు గుమాస్తాగిరి చేసి, 2018లో విశ్రాంతి పొందితిమి. మాది బళ్ళారి. మా తాతగారి నాటికే మా కుటుంబము అచట స్థిరపడియున్నది. 1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరినప్పుడు మావారు ఇల్లు కదలలేదు, వాకిలి మార్చలేదు, రాష్ట్రమే మారినది. "మనము ఊరు విడువలేదు, ఊరినే వేరొక లెక్కలో వ్రాసికొన్నారు" అని మా నాయనగారు నవ్వుచు చెప్పెడివారు. ఇల్లు కదలనివారికి, కదలినవారి బాధ చెప్పినంత మాత్రమున తెలియదు. మాకును చాలకాలము తెలియలేదు. మా గృహిణి పుట్టినిల్లు నాటి కర్నూలు జిల్లాలో కృష్ణాతీరమునందలి యొక చిన్న గ్రామము. శ్రీశైలము జలాశయమున మునిగిన సుమారు నూరు గ్రామములలో అదియు నొకటి. 1981లో ఆ గ్రామము ఖాళీ అయ్యెను. మా వివాహము ఆ తరువాతి మాట గనుక మేము అత్తవారి యూరును ఎన్నడును చూచి యెరుగము.

2019 ఫిబ్రవరిలో, బెంగుళూరునుండి బయలుదేరిన యిరువదిమంది యాత్రికుల బృందములో మేమిద్దరమును చేరితిమి. ఖర్చులో సగము మా కుమారుడు భరించెను; తక్కిన సగము మా విశ్రాంతి ధనములోనిది. కైరో చేరిన మరునాడు గీజాలో ఖుఫూ పిరమిడ్డు చూచితిమి. క్రీస్తుకు పూర్వము 26వ శతాబ్దమున, సుమారు 23 లక్షల రాతిదిమ్మెలతో కట్టబడి, కట్టిన నాటికి 146 మీటర్ల ఎత్తుండెనని చెప్పిరి. మెడ నొప్పి పుట్టువరకు పైకి చూచితిమి. ఒంటెవానితో బేరమాడితిమి, ఓడితిమి. అంతకంటె చెప్పవలసినది లేదు. అంత పెద్ద వస్తువు ఎదుట మనస్సు ఊరక నిలిచిపోవును, ఆలోచన రాదు.

ఆలోచన వచ్చినది మరునాడు, తహ్రీరు చౌకులోని పాత సంగ్రహాలయమున, ఒక గాజుపెట్టె ముందు. దానిలో కొన్ని పపైరసు పత్రముల ముక్కలున్నవి. ఎఱ్ఱసముద్రపు టొడ్డున వాదీ అల్ జర్ఫ్ అనుచోట, ఫ్రెంచి పండితుడు పియెర్ తాలే బృందమువారికి 2013లో అవి దొరికినవి. వ్రాత గల పపైరసులలో ఇంతకంటె పాతవి ఇంతవరకు దొరకలేదట. ఇంతకును అందు వ్రాసినదేమి? రాజుగారి విజయములు కావు, దేవతల స్తోత్రములు కావు. మేరర్ అను నొక మేస్త్రీ, సుమారు నలుబదిమంది పనివారితో, తూరా గనులనుండి సున్నపురాళ్ళను పడవల కెత్తి నైలు నదిమీద గీజాకు చేరవేసిన దినచర్య. ఏ దినమున రాయి యెత్తిరి, ఏ దినమున ప్రయాణమైరి, ఏ రాత్రి యెచట గడపిరి, అంతయు గళ్ళు గీసి వ్రాయబడినది. దానితోపాటు దొరికిన మరికొన్ని పత్రములలో తిండిగింజల జమాఖర్చు. మా తోడి యాత్రికులు రాజుల బంగారము చూచుటకై ముందునకు సాగిపోయిరి. మేము మాత్రము ఆ పెట్టెను విడువలేకపోతిమి. నాలుగువేల అయిదువందల యేండ్ల క్రిందటి హాజరు పుస్తకము! మా జీవితమంతయు అట్టి గళ్ళలోనే గడచినది. పిరమిడ్డు కట్టినది రాజు కాదు, రాళ్ళను మోసినవారును, ఆ మోతను లెక్కవ్రాసినవారును అని మా గృహిణితో కొంచెము గర్వముగానే అంటిమి. ఆమె చిరునవ్వు నవ్వి, "రాళ్ళ లెక్క సరే, మోసినవాళ్ళ పేర్లు ఉన్నాయా అందులో?" అని అడిగెను. మేస్త్రీ పేరున్నది, పనివారి జట్టు పేరున్నది. ఒక్కొక్కని పేరు అందున్నదో లేదో మాకు తెలియదంటిమి. అప్పటి కామాట అంతటితో పోయినది.

నాలుగు దినముల తరువాత అస్వాన్ చేరితిమి. అచటినుండి అబూ సింబెల్ దాదాపు 280 కిలోమీటర్లు. తెల్లవారుజామున నాలుగు గంటలకే బస్సులో బయలుదేరి, ఎడారిలో సూర్యోదయము చూచుచు పోయితిమి. క్రీస్తుకు పూర్వము 13వ శతాబ్దమున రెండవ రామెసెస్ అను రాజు కొండను తొలిపించి చేయించిన ఆలయమది. వాకిట నాలుగు రాజవిగ్రహములు కూర్చుండియున్నవి. ఒక్కొక్కటి సుమారు 20 మీటర్ల ఎత్తు. ఒకదాని తలయును మొండెమును ప్రాచీనకాలమున వచ్చిన భూకంపములో విరిగి పాదములకడ పడియున్నవి. ఎదుట కనుచూపు మేర నీలపు నీరు. అదియే నాసరు జలాశయము.

ఈ ఆలయము ఇప్పుడున్న చోట పుట్టినది కాదు. 1960లో అస్వాన్ వద్ద పెద్ద ఆనకట్ట పని ఆరంభమైనది, 1970లో ముగిసినది. అందువలన నైలులోయ అస్వాన్ నుండి సూడాను దేశములోనికి దాదాపు 500 కిలోమీటర్ల పొడవున మునుగవలసి వచ్చెను. ఆలోయలోని పురాతన నిర్మాణములను రక్షింపుడని ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ యునెస్కో 1960 మార్చిలో లోకమును అర్థించినది. లోకము విన్నది. 1964 నుండి 1968 వరకు అబూ సింబెల్ కొండను రంపములతో కోసి, వేయికి పైగా ఖండములు చేసి, ప్రతి ఖండమునకు ఒక అంకె వేసి, 65 మీటర్ల ఎత్తునకు, 200 మీటర్లు వెనుకకు చేర్చి, మరల ఎప్పటివలె కూర్చిరి. ఖండము సగటున 20 టన్నులు. వ్యయము దాదాపు నాలుగు కోట్ల డాలర్లు. అందులో సగము ఏబదికి దగ్గరగా దేశములు చందాలుగా నిచ్చినవి. ఫిలే ద్వీపముమీది ఆలయమును ప్రక్కనున్న వేరొక ద్వీపమునకు మార్చిరి. సాయపడినవారికి కృతజ్ఞతగా దెందూర్ ఆలయమును అమెరికాకు, దెబోద్ ఆలయమును స్పెయినునకు ఇచ్చివేసిరి. 1961–62లో మన భారత పురావస్తుశాఖవారును బి. బి. లాల్ గారి నాయకత్వమున నుబియాలో అఫ్యే అనుచోట త్రవ్వకములు జరిపి తమ పాలు సాయము చేసిరి. మనుష్యులు దేశభేదములు మరచి ఒక మంచిపనికై కూడిన సందర్భములు లోకచరిత్రలో అరుదు. ఇది వానిలో నొకటి. దీనిని తక్కువ చేయుట మా యుద్దేశము కాదు.

మార్గదర్శకుడు ఈ కథను ఉత్సాహముగా చెప్పుచుండెను. సంవత్సరమునకు రెండు దినములు, ఫిబ్రవరి 22న, అక్టోబరు 22న, ఉదయసూర్యుని కిరణము గర్భాలయము వరకు పోయి అచటి నాలుగు విగ్రహములలో మూడింటిమీద పడుననియు, ప్తా అను దేవత పాతాళలోకమునకు చెందినవాడగుటచే చీకటిలోనే యుండుననియు వివరించెను. ఆలయము చోటు మారినను ఆ కిరణము దారి తప్పకుండునట్లు దిక్కులు కొలిచి నిలిపిరట. అందరును చప్పట్లు కొట్టిరి. మా గృహిణి మాత్రము నీటివైపు తిరిగి నిలిచియుండెను. మమ్ము పిలిచి, "ఏమండీ, రాళ్ళన్నీ పైకి తెచ్చినారు, బాగుంది. ఈ నీళ్ళ కింద ఊళ్ళు లేవా? ఆ ఊళ్ళోవాళ్ళు ఏమైనారో అడగండి" అనెను.

మేము అడిగితిమి. "వారికి ప్రభుత్వము క్రొత్త యిండ్లిచ్చినది" అని ఒక్క వాక్యములో చెప్పి, అతడు మరల సూర్యకిరణముకడకు పోయెను. అతనిని తప్పుపట్టలేము. యాత్రికులు వినగోరునది చెప్పుటయే అతని జీవనము.

తరువాత మేము తెలిసికొన్నది యిది. ఆ లోయలో నుబియనులు అను జాతివారు వేల సంవత్సరములుగా నివసించుచుండిరి. అరబ్బీకంటె భిన్నమైన స్వంత భాషలు వారికి కలవు. 1902లో అస్వాన్ వద్ద మొదటి ఆనకట్ట కట్టినప్పుడు వారి పొలములు కొన్ని మునిగినవి. దానిని 1912 నాటికి ఒకమారు, 1933 నాటికి మరియొకమారు ఎత్తుచేసినప్పుడు మరికొన్ని మునిగినవి. ప్రతిమారును వారు ఇండ్లను కొంచెము పైకి కట్టుకొని నదినే కనిపెట్టుకొని యుండిరి. ఈమారు పైకి పోవుటకు చోటు లేకపోయినది. 1963–64లో ఈజిప్టు భాగమునందలి సుమారు 50,000 మందిని రైళ్ళమీద, పడవలమీద, బస్సులమీద అస్వానునకు ఉత్తరమున కోమ్ అంబో ప్రాంతమునకు చేర్చిరి. సూడాను భాగమునందును దాదాపు అంతమంది వందల మైళ్ళ దూరమునకు పోయిరి. నదికి ఎదురుగా, విశాలమైన ముంగిళ్ళతో, గోడలకు రంగులు వేసి పింగాణి పళ్ళెములు పొదిగి కట్టుకొన్న యిండ్లలో ఉన్నవారికి, నదికి దూరముగా, వరుసలు వరుసలుగా, ఒకేరీతి యిండ్లు దొరికినవి. క్రొత్త పల్లెలకు పాతపేర్లే పెట్టుకొనిరి. హంజా ఎల్ దీన్ అను నుబియ గాయకుడు, రైల్వేలో పనిచేసిన యింజనీరు, ఆనకట్ట రానున్నదని చెప్పుటకై తన జనుల పల్లె పల్లెకు తిరిగెను. అతని స్వగ్రామము తోష్కా కూడ నీటిపాలైనది.

మరునాడు సాయంకాలము అస్వానులో తెరచాప పడవ యెక్కితిమి. పడవవాడు నుబియనుడు, ఏడుపదులకు దగ్గరపడినవాడు. అతని పసితనపు పల్లె అబూ సింబెల్ ఆలయమునకు సమీపముననే యుండెనట. పల్లె విడిచిననాటికి పండ్రెండేండ్లవాడు. మార్గదర్శకుడు ఇంగ్లీషులోనికి మార్చి చెప్పగా మేము మా గృహిణికి తెలుగున చెప్పితిమి. "ఆ గుడి మాకు చూచెడి వస్తువు కాదు. మధ్యాహ్నమువేళ మేకలను దాని నీడకు తోలెడివారము. దాని వయస్సు మాకు తెలియదు. మా తాత వయస్సునే యెరుగము, దానిదెవ్వరు లెక్కించిరి? ఇప్పుడు మా మనుమలు టిక్కెట్టు కొని లోపలికి పోవుచున్నారు" అని నవ్వెను. కొంచెమాగి, పల్లె విడిచిన దినమున తన తల్లి శ్మశానమునకు పోయి సమాధులమీద నీరు చల్లి వచ్చినదనియు, ఇల్లంతయు ఊడ్చి, గోడకు చేతితో సున్నము పూసి, అప్పుడు బయలుదేరినదనియు చెప్పెను. మరునాడు నీటిపాలు కానున్న యింటికి సున్నమేల అని తాను అడిగెనట. ఆమె బదులు చెప్పలేదట.

దీనిని మేము తెలుగులో చెప్పి ముగించులోపలనే మా గృహిణి కంట నీరు పెట్టుకొనెను. "మా అమ్మ కూడా ఆ పొద్దు వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టింది" అనెను. ముప్పదియైదు సంవత్సరముల కాపురములో ఈ సంగతి ఆమె మాకు చెప్పియుండలేదు, మేమును అడిగియుండలేదు.

మా సందేహమును ఇప్పుడు స్పష్టముగా చెప్పగలము. రాళ్ళను రక్షించుటకు లోకమంతయు చేతులు చాచినది. మనుష్యులను కదలించునప్పుడు, అది ఆ దేశపు ఇంటి వ్యవహారమని లోకము ఊరకుండెను. రాయి సర్వమానవులకును ఉమ్మడి ఆస్తియట. ఆ రాతిప్రక్కనే పుట్టినవాడు ఎవనికిని ఉమ్మడి కాడు. అట్లయినచో, ఆ రాతిని చూచి ఆనందించుటకై సముద్రములు దాటిపోయిన మేము, ఈ లెక్కలో ఏ గడిలో చేరుదుము? డబ్బిచ్చి టిక్కెట్టు కొంటిమి గనుక మాకు బాకీ యేమియు లేదనవచ్చునా?

ఆనకట్టలే కట్టరాదని మేమనము. అట్లనుటకు మాకు నోరు లేదు. ఆ ఆనకట్టవలన ఈజిప్టునకు విద్యుత్తు వచ్చినది, 1980ల కరవులలో ఆ దేశము ఆకలికి చిక్కకుండ గట్టెక్కినది. మా కంచములోని అన్నము తుంగభద్ర కాలువ క్రింద పండినది; ఆ తుంగభద్ర జలాశయము క్రిందను పల్లెలున్నవి. నాగార్జునసాగరము సంగతి మన తెలుగువారందరికిని తెలిసినదే. 1954 నుండి 1960 వరకు నాగార్జునకొండ లోయను త్రవ్వి, ఇక్ష్వాకుల నాటి బౌద్ధ నిర్మాణములను కొన్నిటిని కొండమీదికి, కొన్నిటిని అనుపునకు మార్చి కట్టిరి. ద్వీపమున సంగ్రహాలయము వెలసినది. బడిపిల్లలమై పడవలో పోయి చూచితిమి; ఉపాధ్యాయులవారు శాతవాహనులను, ఇక్ష్వాకులను గూర్చి చెప్పిరి. ఆ లోయలో పుల్లారెడ్డిగూడెమను పల్లె యుండెనని పెద్దయైన తరువాత ఒక పుస్తకములో చదివితిమి. ఆ పల్లెవారెచటికి పోయిరో మాకు ఎవ్వరును చెప్పలేదు, మేమును అడుగలేదు.

ఇచట ఒక మాట మా వృత్తిని గూర్చి చెప్పవలసియున్నది. అబూ సింబెల్ ఖండములలో ఒక్కటియు తారుమారు కాలేదు. వేయి రాళ్ళ అంకెలు వేయియు సరిపోయినవి. మా మామగారికి రావలసిన నష్టపరిహారపు పట్టికలో ఇంటిపేరున ఒక్క అక్షరము తప్పు పడినది. ఆ ఒక్క అక్షరము దిద్దించుకొనుటకు ఆయన ఏండ్ల తరబడి తిరిగెను. దిద్దుబాటు కాకమునుపే కాలముచేసెను. ఆ కార్యాలయమేదో ఇచట అప్రస్తుతము. ఏ కార్యాలయమైనను అంతియే యని చెప్పుటకు మాకంటె తగిన సాక్షి లేడు. ఒకప్పుడు మా బల్లకు ఒక వృద్ధురాలి పింఛను కాగితములు వచ్చినవి. తెలుగింటి మనిషి. ఒక కాగితములో పేరు చివర 'అమ్మ' అని, మరియొక దానిలో 'అక్క' అని యుండెను. 'పేరు సరిపడలేదు' అని వ్రాసి మూడుమారులు త్రిప్పి పంపితిమి. నిబంధన ప్రకారము మేము చేసినది తప్పు కాదు. నాలుగవమారు ఆమె రాలేదు. ఎందుకు రాలేదో మేము విచారింపలేదు. మేరర్ పుస్తకము ముందు నిలిచి గర్వించిన గుమాస్తాకు, అస్వాను పడవలో ఆ ముసలమ్మ ముఖము కనబడినది. రాళ్ళను తప్పులేకుండ లెక్కింపగల చేయి మనుష్యుని పేరు దగ్గర ఎందుకు తడబడును? రాయి తప్పు పడినచో కట్టడము నిలువదు, అందరికిని కనబడును. మనిషి తప్పు పడినచో కార్యాలయము నడచుచునే యుండును. ఇంతకంటె మంచి కారణము మాకు దొరకలేదు.

లక్సరులో ఈ సందేహము మరింత చిక్కుపడినది. అచట నైలునకు పడమటిగట్టున, రాజవంశీయుల కాలపు అధికారుల సమాధులున్న కొండచరియమీద, గుర్నా అను గ్రామముండెను. జనులు సమాధుల నడుమను, కొన్నిచోట్ల సమాధులలోనే కాపురముండిరి. వారు దొంగలని ప్రతీతి. అది వట్టిమాట కాదు: 1871 ప్రాంతమున అబ్దుల్ రసూల్ కుటుంబమువారికి ఒక కొండగుహలో గొప్ప రాజుల శవపేటికలు కంటబడినవి. పదేండ్లు రహస్యముగా నుంచుకొని ఒక్కొక్క వస్తువే అమ్ముకొనిరి. 1881లో సర్కారువారికి తెలిసి, ఆ రాజుల దేహములను పడవలో కైరోకు తరలించినప్పుడు మాత్రము, నదికి రెండు గట్టులను పల్లెటూరి స్త్రీలు జుట్టు విరబోసికొని, చావు ఇంటి ఏడుపు ఏడ్చుచు పడవవెంట నడచిరట. దొంగసొత్తు పోయినదని ఏడ్చిరా, తమ యూరి పెద్దలు పోవుచున్నారని ఏడ్చిరా? రెండును కావచ్చును. ఒక్క మాట మాత్రము గుర్తుంచుకొనవలెను: పారిస్ నగరపు నడిబొడ్డున లక్సరు ఆలయపు శిలాస్తంభమొకటి 1836 నుండి నిలిచియున్నది, దానిని తీసికొనిపోయినవారిని ఎవ్వరును దొంగలనలేదు.

ఈ గుర్నావారికై హసన్ ఫతీ అను ప్రసిద్ధ వాస్తుశిల్పి 1945లో పచ్చి యిటుకలతో అందమైన క్రొత్త గ్రామమును కట్ట పూనుకొనెను. నుబియనుల యిండ్ల కమానులను చూచి నేర్చినవాడతడు. దూలములు లేకుండ కప్పు వేయు విద్య పేదలకు మేలని నమ్మినవాడు. ఇండ్లు బాగుండెను, ఉద్దేశము బాగుండెను, జనులు రాలేదు. కొండమీది యిల్లు వారి జీవనము గూడ. అరువది యేండ్లు ఈ పట్టు సాగినది. కడకు 2006 చివరలో యంత్రములు వచ్చి పాతగ్రామమును కూల్చివేయ మొదలిడినవి. మేము చూచునప్పటికి చరియ బోడిగా, అక్కడక్కడ రెండు మూడు యిండ్ల గోడలతో నుండెను. సమాధులకు మేలు జరిగినదని పండితులందురు. ఇండ్ల మురుగునీరు చిత్రములను పాడుచేయుచుండెనట. నిజమే కావచ్చును. మా బృందములో నొకరు, "ఇప్పుడు ఫొటోలు బాగా వచ్చుచున్నవి" అని సంతోషించిరి. హంపీలో విరూపాక్ష బజారు మంటపములలోని కుటుంబములను 2011లో ఖాళీ చేయించిన తరువాత మేమును అచట నిలిచి ఇదే మాట అనియుంటిమి. కావున ఆయనను ఏమని నిందింతుము?

ఇంతవరకు చదివినవారు, ఈయన రాళ్ళకంటె మనుష్యులే ముఖ్యమని చెప్పబోవుచున్నాడు, రాళ్ళను మునుగనిచ్చినను పోవునది లేదనును కాబోలు అని తలంపవచ్చును. మేమును కొంతకాలము అట్లే తలంచితిమి. మా తలంపును త్రోసివేసినది మరల మా గృహిణియే.

శ్రీశైలము జలాశయము నిండకమునుపు, కూడవెల్లి సంగమేశ్వరాలయమును విప్పి ఆలంపురమునకు తెచ్చి నిలిపిరి. పాపనాశి ఆలయములనుకూడ అట్లే తరలించిరి. చాళుక్యుల నాటి గుళ్ళవి. చిన్నతనమున శివరాత్రికి కూడవెల్లికి బండి కట్టుకొని పోయినవారిలో మా గృహిణి యొకతె. గుడి ఆలంపురమునకు వచ్చిన తరువాత ఆమె అచటికి ఒక్కనాడును పోలేదు. ఎన్నిమారులు పిలిచినను రాననెను. ఈజిప్టునుండి వచ్చిన రెండు నెలలకు తానే అడిగి బయలుదేరదీసినది. గుడిచుట్టు ఒకమారు తిరిగెను. ఒక స్తంభముకడ నిలిచి, దానిమీద చేయి పెట్టి, చాలసేపు ఊరకుండెను. "గుడి మాదే. చోటే మాది కాదు" అనెను. కోపమువచ్చినదా అని అడిగితిమి. "కోపం ఎందుకు? ఇది కూడా పోయుంటే నా మనవరాలికి ఏం చూపించేదాన్ని? మా ఊరు ఉండేదని నేనంటే అది నమ్ముతుందా?" అని ఎదురడిగెను.

కాబట్టి మా సందేహము రాళ్ళా మనుష్యులా అను బేరము కాదు. రాళ్ళను కాపాడుట కదలినవారికి గూడ మేలే. పడవవాడును, నవ్వుచునే అయినను, తన మనుమలను ఆ గుడి చూచుటకు పంపుచున్నాడు. అస్వానులో 1997లో తెరచిన నుబియా సంగ్రహాలయమున, మునిగిన పల్లెల నమూనాలముందు వృద్ధులు పిల్లలకు వ్రేలితో చూపి చెప్పుచుండుటను మేము కన్నులార చూచితిమి. కాని కాపాడినదానిని లెక్క వ్రాయునప్పుడు, కాపాడని దానిని గూడ అదే పుస్తకములో వ్రాయవలసి యుండెను. ఒక పుటమీద జమ మాత్రమే వ్రాసి ఖర్చు వ్రాయని చిట్టాను ఏ గుమాస్తాయు సరియైనదని సంతకము చేయరాదు. అబూ సింబెల్ వాకిట ఆలయమును తరలించిన వృత్తాంతము విన్నాము. నుబియనుల సంగతి అడిగితేగాని రాలేదు. 2014లో ఈజిప్టు రాజ్యాంగమున 236వ అధికరణమున, పదేండ్లలో నుబియనులు తమ ప్రాంతములకు తిరిగిపోవుటకు ఏర్పాట్లు చేయుదుమని వ్రాసికొనిరి. పదేండ్లు 2024లో గడచినవి. ఆ మాట వ్రాతలోనే నిలిచినది.

వారి సంగతి వారు చూచుకొందురు. బళ్ళారిలో కూర్చుండి మేము చేయగలిగినది లేదు. మేము చేయగలిగినది ఒకటే మా చేతిలో నున్నది. ఒక పొడుగు పుస్తకము కొని గళ్ళు గీసితిమి. మా గృహిణి చెప్పుచుండగా, ఆమె గ్రామములోని యిండ్లను వీధి వరుసను వ్రాయుచున్నాము: ఇంటి యజమాని పేరు, ఇంటిపేరు, ఎచటికి పోయిరి, ఇప్పుడెవరున్నారు. ఆమెకు తెలియనివి ఆమె చిన్నాన్న కుమారునకు ఫోను చేసి అడుగుచున్నది. కొందరు హైదరాబాదులో కలరు, కొందరు రాయచూరు వైపు పోయిరి, కొన్ని కుటుంబములు ఈ బళ్ళారిలోనే, మాకు నాలుగు వీధుల అవతలనే యున్నారని ఇన్నేండ్లకు తెలిసినది. తొంబదినాలుగు ఇండ్లలో ఎనుబదిమూడింటి లెక్క కుదిరినది. ప్రతి పేరును ఇద్దరు ఒకేరీతిగా చెప్పువరకు సిరాతో వ్రాయుట లేదు, పెన్సిలుతోనే యుంచుచున్నాము. కుమ్మరివీధిలో మూడవ ఇంటివారి పేరు మాత్రము ఎవ్వరికిని జ్ఞాపకము వచ్చుట లేదు. వారి వాకిట పెద్ద వేపచెట్టుండెడిదని అందరును చెప్పుచున్నారు. ఆ గడిలో ప్రస్తుతము 'వేపచెట్టు ఇల్లు' అని పెన్సిలుతో వ్రాసియుంచితిమి.